రమాబాయికి దొరికిన శాంతి

తిరుపతి వెళ్ళి వచ్చిన మర్నాడు మా అత్తగారు లడ్డూ చిదిపి చిన్న చిన్న పొట్లాలు కట్టి, ఇరుగుపొరుగు అందరికీ పంచి వస్తారు. "క్యూలో నిలబడీ నిలబడీ కాళ్ళు లాగేస్తున్నాయి గాని, మనసు మాత్రం తేలికపడిందే అమ్మాయ్!" అంటారు. ఆవిడ మొహం చూస్తే నిజమే అనిపిస్తుంది. ఇంట్లో కరెంటు బిల్లు, పిల్లాడి ఫీజు, మామగారి బి.పి. ఎక్కడివక్కడే ఉన్నా, ఆ రెండు రోజులూ ఆవిడ జోలికి రావు.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు అదే కొండమీదికి ఒకప్పుడు ఎక్కిన మరో సంసారం గుర్తొస్తుంది. 1874వ సంవత్సరం. మనవాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే ధాత కరువు ఇంకా రాలేదు గాని, మద్రాసు రాజధానిలో చాలాచోట్ల అప్పటికే గింజలు కరువయ్యాయి. కళ్ళు సరిగా కనిపించని ముసలి తండ్రి, జబ్బుతో ఉన్న తల్లి, పెళ్ళయినా పుట్టింటివాళ్ళతోనే తిరుగుతున్న పెద్దకూతురు, కొడుకు, పదహారేళ్ళ చిన్నకూతురు. మాతృభాష మరాఠీ, బతుకుతెరువు పురాణపఠనం. ఉన్న నగలమ్మారు, పట్టుబట్టలమ్మారు, ఆఖరికి రాగి ఇత్తడి సామాన్లూ అమ్మేశారు. దానాలకూ సంతర్పణలకూ పెట్టగా మిగిలిందేదో తిన్నారు. చివరి బియ్యపు గింజ కూడా అయిపోయిన రోజున, నలుగురిలో చెయ్యి చాచడంకన్నా అడవిలో చచ్చిపోవడమే మర్యాద అనుకుని, రాత్రికి రాత్రి తిరుపతి కొండ అడవిలోకి నడిచిపోయారు. పదకొండు రోజులు. ఆకులూ, నీళ్ళూ, గుప్పెడు అడవి ఈతపళ్ళూ.

తండ్రి ఇక ఓర్చుకోలేక, దగ్గర్లో ఉన్న పుణ్యతీర్థంలో మునిగి దేహం చాలిద్దామనుకున్నాడు. చిన్నకూతుర్ని దగ్గరకు తీసుకుని, అందరిలోకీ చిన్నదానివి, నిన్ను దేవుడి చేతిలో పెట్టాను, బతికినన్నాళ్ళూ ఆయన్నే సేవించు అని అప్పగింతలు పెట్టాడు. పెళ్ళిలో చేసే అప్పగింతలే కన్నీళ్ళు తెప్పిస్తాయి మనకి. ఇవెలాంటి అప్పగింతలో ఊహించండి. అప్పుడు కొడుకు అడ్డుపడ్డాడు. పరువూ కులమూ చూసుకోను, కూలిపని చేసైనా మిమ్మల్ని పోషిస్తానన్నాడు. అందరూ అడవి దాటి బయటికొచ్చారు. కాని ఆలస్యమైపోయింది. కొద్దిరోజులకే తండ్రి పోయాడు. కొన్ని వారాలకు తల్లీ పోయింది.

తల్లి చివరిరోజుల్లో ఒక్క రొట్టెముక్క కావాలని అడిగింది. పిల్ల ఒక ఇంటి గుమ్మం దాకా వెళ్ళింది గాని నోరు పెగల్లేదు. ఆ ఇల్లాలే మొహం చూసి గ్రహించి సజ్జరొట్టె ఇచ్చింది. తీరా తెచ్చాక తల్లికి తినే శక్తి లేదు. పాడె మొయ్యడానికి ఇద్దరే ముందుకొచ్చారు. మిగిలిన కొమ్ములు కొడుకూ కూతురూ పట్టుకోవలసి వచ్చింది. అమ్మాయి పొట్టిది, భుజానికి అందదు. తల్లిని తలమీద మోసుకుంటూ మూడు మైళ్ళు నడిచింది.

ఆ అమ్మాయే పండిత రమాబాయి.

చరిత్ర పుస్తకాల్లో ఆవిడ పేరు సంఘసంస్కర్తల జాబితాలో ఒక పంక్తిలో అయిపోతుంది. వితంతువులకు ఆశ్రమం పెట్టింది, క్రైస్తవమతం పుచ్చుకుంది, అంతే. నాకు మాత్రం ఆవిడ కథలో ఆసక్తి కలిగించేది మరొకటి. మతం పుచ్చుకున్న రోజున ఆవిడకి మనశ్శాంతి దొరకలేదు. అది దొరకడానికి ఇంకో ఎనిమిదేళ్ళు పట్టింది. ఈ సంగతి ఎవరో కిట్టనివాళ్ళు చెప్పింది కాదు, 1907లో తన విశ్వాసయాత్ర గురించి రాసిన చిన్న పుస్తకంలో ఆవిడే ఒప్పుకుంది.

కాస్త వెనక్కి వెళదాం. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. భార్య పోయి, నలభై నాలుగేళ్ళ వయసులో పైఠాన్‌లో గోదావరి స్నానానికి దిగితే, అక్కడే కలిసిన ఒక యాత్రికుడు తన తొమ్మిదేళ్ళ కూతురు లక్ష్మీబాయినిచ్చి మర్నాడే పెళ్ళి చేసేశాడు. రమాబాయి తన ఇంగ్లీషు పుస్తకంలో ఈ సంగతి రాసి, తన తల్లి అదృష్టం బాగుండి మంచి చేతుల్లో పడింది గాని అందరి సంగతీ అలా కాదు సుమా అన్న ధోరణిలో చెబుతుంది. నిజంగానే మంచి చెయ్యి. ఆడదానికి సంస్కృతం చెప్పడమేమిటని పెద్దలు నిలదీస్తే, శాస్త్రాలు తిరగేసి ఎక్కడా నిషేధం లేదని వాదించి నిలబడ్డ మనిషి ఆయన. పశ్చిమ కనుమల్లో గంగామూల అనే అడవిలో ఇల్లు కట్టుకుని భార్యకు చదువు చెప్పాడు. అక్కడే 1858 ఏప్రిల్ 23న రమ పుట్టింది. ఆరునెలల పిల్లగా ఉన్నప్పుడు ఆమెను బుట్టలో పెట్టి కొండ దింపారట. అప్పట్నించి ఆ కుటుంబానికి సొంత ఊరంటూ లేదు. తీర్థం తర్వాత తీర్థం. తెల్లవారుజామున తల్లి నిద్రలేపి చెప్పిన సంస్కృతమే ఆమె బడి. పన్నెండేళ్ళు నిండేసరికి భాగవతంలోని పద్దెనిమిది వేల శ్లోకాలు కంఠస్థం.

ఇంత చదువూ ఉంది గాని, రూపాయి సంపాదించే విద్య ఒక్కటీ నేర్పలేదు. ఆ లోటు ఆవిడ జీవితాంతం మరిచిపోలేదు. తర్వాత ఎన్ని వందల మంది ఆడపిల్లలు తన దగ్గరకొచ్చినా ప్రతిదానికీ చేతిపని ఒకటి నేర్పించి తీరడానికి మూలం ఆ పదకొండు రోజుల్లోనే ఉందనుకుంటాను.

కొన్నాళ్ళకు అక్కా కలరాతో పోయింది. మిగిలిన అన్నాచెల్లెళ్ళు దేశమంతా కాలినడకన తిరిగారు. నాలుగువేల మైళ్ళట! జీలం నది ఒడ్డున చలికి తట్టుకోలేక, ఇసుకలో రెండు గోతులు తవ్వుకుని మెడదాకా పూడ్చుకుని పడుకున్నారు. మొక్కులన్నీ చెల్లించాం, ఉపవాసాలన్నీ చేశాం, ఎక్కడా లోపం చెయ్యలేదు, మరి ఎందుకిలా అయింది అన్న ప్రశ్న అక్కడెక్కడో మొదలైంది. ఇది చదివి ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు. ఆకలితో తల్లిదండ్రులు కళ్ళముందు పోయిన పిల్ల అడిగిన ప్రశ్న అది. అదే ప్రశ్న మా అత్తగారు కూడా మా మరిది యాక్సిడెంటప్పుడు పూజగదిలో కూచుని అడిగారు.

1878లో కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఈ ఇరవయ్యేళ్ళ పిల్ల సంస్కృతం విని నివ్వెరపోయి 'పండిత', 'సరస్వతి' అని బిరుదులిచ్చారు. ఆ కలకత్తాలోనే మొదటిసారి ఒక క్రైస్తవ సమావేశానికి వెళ్ళారు. అందరూ కుర్చీలవైపు తిరిగి మోకరించి కళ్ళు మూసుకుంటే, వీళ్ళు కుర్చీలకు మొక్కుతున్నారు కాబోలు అనుకున్నారట అన్నాచెల్లెళ్ళు! ఎవరో సంస్కృతంలో బైబిలు ఇచ్చారు, అదీ ఏమీ అర్థం కాలేదు. బ్రహ్మసమాజపు కేశవచంద్రసేన్ ఒక వేదగ్రంథం చేతికిచ్చి, ఇది కూడా చదువమ్మా అన్నాడు. చదివింది. ధర్మశాస్త్రాలూ చదివింది. వంద విషయాల్లో వంద రకాలుగా చెప్పే గ్రంథాలన్నీ ఆడవాళ్ళను, శూద్రులను తక్కువ చెయ్యడంలో మాత్రం ఒక్కమాట మీద ఉన్నాయేమిటని ఆవిడకు అనుమానం వచ్చింది.

ఇక్కణ్ణించి రెండేళ్ళలో ఎన్ని జరిగాయో చూడండి. 1880లో అన్న కలరాతో పోయాడు. అదే ఏడు బిపిన్ బిహారీ మేధావి అనే వకీలును, కులం వేరైనా, రిజిస్టరు పెళ్ళి చేసుకుంది. 1881 ఏప్రిల్‌లో కూతురు మనోరమ పుట్టింది. 1882 ఫిబ్రవరిలో భర్తా కలరాతోనే పోయాడు. ఇరవైమూడేళ్ళకు, చంకలో పదినెలల పిల్లతో ఆవిడ విధవరాలు. సిల్చారులో కాపురమున్నప్పుడు పుస్తకాల మధ్య బెంగాలీలో లూకా సువార్త ఒకటి దొరికి, ఆసక్తిగా చదివి, నేను క్రైస్తవురాలినవుతానేమో అందట. మిషన్ బళ్ళో చదువుకున్న భర్తకే అది నచ్చలేదు. ఆ మాట అక్కడితో ఆగింది.

పూనా వెళ్ళి స్త్రీలకోసం ఆర్య మహిళా సమాజం పెట్టింది. ఇంచుమించు అదే కాలంలో, 1881 డిసెంబరులో, మన రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం చేయించి ఊరందరితో తిట్లు తింటున్నారు. పూనాలో ఈవిడకూ తిట్లకు కొదవ లేదు. వైద్యం చదవాలని 1883లో ఇంగ్లండు వెళ్ళింది. వాంటేజ్ అనే ఊళ్ళో ఆంగ్లికన్ సిస్టర్ల మఠంలో దిగింది. తోడు వచ్చిన స్నేహితురాలు అక్కడే ప్రాణం తీసుకుంది. తనకేమో అప్పటికే చెవుడు మొదలైంది, వైద్యవిద్య కుదరదని తేలిపోయింది.

ఆ రోజుల్లో సిస్టర్లు ఆవిడను లండన్‌లోని ఫుల్‌హామ్‌కు పంపారు. వీధినపడిన ఆడవాళ్ళను చేరదీసి ఉంచే ఇల్లు ఉందక్కడ. చెడిపోయిందని మనం గుమ్మం తొక్కనివ్వని మనిషికి ఈ సిస్టర్లు పక్కవేసి, జబ్బు చేస్తే సేవచేసి, మళ్ళీ మనిషిని చేస్తున్నారు. ఎందుకు చేస్తారమ్మా ఇదంతా అని అడిగింది. అడిగితే ఒక సిస్టరు యోహాను సువార్త నాలుగో అధ్యాయం చదివి వినిపించింది.

ఆ కథ తెలియనివాళ్ళకోసం చెబుతాను. మిట్టమధ్యాహ్నం, ప్రయాణం చేసి అలిసిపోయి యేసు ఒక బావి దగ్గర కూచున్నాడు. సమరయ దేశపు ఆడమనిషి ఒకతె ఒంటరిగా నీళ్ళకొచ్చింది. యూదులకు సమరయులంటే పడదు, అంటూ సొంటూ లేదు. పైగా ఆమెకు అయిదుగురు మొగుళ్ళయ్యారు, ఇప్పుడున్నవాడు మొగుడు కాడు. అలాంటి మనిషిని ఆయన దాహమడిగాడు. ఏ బావి ఎవరిది, ఎవరి చేద ఎవరు ముట్టుకోవచ్చు, ఎవరి చేతి నీళ్ళు ఎవరు తాగొచ్చు అన్న లెక్కల మధ్య పుట్టి పెరిగిన రమాబాయికి, ఈ 'దాహమియ్యి' అన్న మాటలో ఎంత ఉందో సిస్టరుకన్నా ఎక్కువ తెలిసి ఉంటుంది. ఆ కథే తన మనసు మార్చిందని ఆవిడ రాసింది. 1883 సెప్టెంబరు 29న తల్లీబిడ్డలిద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది. నిజజీవితంలో తగువులు మొదలయ్యాయి. స్వదేశంలోవాళ్ళు మతం అమ్ముకుందన్నారు. ఇంగ్లండులోవాళ్ళేమో, ఇంత ప్రశ్నలు వేస్తే విశ్వాసం ఎలా అవుతుందన్నారు. త్రిత్వం సంగతేమిటి, అద్భుతాలన్నీ నమ్మాలా, సిలువమీద మాటలు లాటిన్‌లోనే ఎందుకుండాలి, మా సంస్కృతమేం తక్కువ తిన్నది? చెల్టెన్‌హామ్ మహిళా కళాశాలలో పాఠాలు చెబుతూ, మగపిల్లలకు కూడా చెప్పవచ్చా అన్న విషయంలో బిషప్పులతో పేచీ. బాప్తిస్మం ఇప్పించినవాళ్ళకు బుద్ధిగా తల ఊపే శిష్యురాలు కావాలి, ఈవిడేమో తిరుపతి అడవినుంచి ప్రశ్నలు మోసుకొచ్చిన మనిషి. మాంసం ముట్టలేదు, చివరిదాకా ముట్టలేదు. తెల్లచీరా మానలేదు.

1886లో అమెరికా వెళ్ళి, ఆనందీబాయి జోషి డాక్టరు పట్టా పుచ్చుకుంటుంటే కళ్ళారా చూసింది. ఉపన్యాసాలిచ్చి, ఇంగ్లీషులో పుస్తకం రాసి, డబ్బు కూడగట్టింది. 1889 మార్చి 11న బొంబాయి చౌపాటీలో శారదా సదనం తెరిచింది. బాలవితంతువులు చదువుకునే చోటు. అక్కడ చేరిన మొదటి వితంతువు గోదూబాయి, తర్వాత మహర్షి కార్వే భార్య అయింది. మరుసటేడు సదనం పూనాకు మారింది. ఎవరి ఆచారం వాళ్ళు పాటించుకోవచ్చు, మతబోధ ఉండదు అన్నది షరతు.

పేరు వచ్చింది, సంస్థ నడుస్తోంది, పిల్ల ఎదుగుతోంది. లోపల మాత్రం ఏదో వెలితి. ఆ వెలితి ఏమిటో 1891 ప్రాంతంలో ఒక పుస్తకం చదువుతుంటే తెలిసింది. అది హస్లమ్ అనే ఇంగ్లీషు పాదిరీ ఆత్మకథ. ఆయన కథ భలే తమాషాగా ఉంటుంది. ఏళ్ళ తరబడి చర్చిలో ఉపదేశాలు చేస్తున్న మనిషి, ఒకనాడు వేదికమీద మాట్లాడుతూ మాట్లాడుతూ, తను చెబుతున్నది తనకే ఇంకా దక్కలేదని గ్రహించాడట! మధ్యలోనే మనిషి మారిపోయాడట. రమాబాయి తనని తాను అందులో చూసుకుంది. తనకు క్రైస్తవమతమైతే దొరికింది గాని క్రీస్తు దొరకలేదని రాసుకుంది.

ఆ తేడా ఏమిటో నాకు అర్థమైన మేరకు చెబుతాను. కొత్త కోడలు అత్తారింటికి వచ్చి అన్ని పనులూ చేస్తుంది, పొరపాటు రానివ్వదు, అందరి మెప్పూ పొందుతుంది. అయినా లోపల ఏదో పరీక్ష రాస్తున్నట్టే ఉంటుంది. ఎన్నో ఏళ్ళకు ఒకరోజు ఎవర్నీ అడక్కుండా ఆవకాయ జాడీ మూత తీసి వడ్డించుకుంటుంది. అప్పుడు తెలుస్తుంది, ఇది నా ఇల్లే అని. చిన్నప్పుడు వ్రతాలతో పుణ్యం కూడబెట్టినట్టే, బాప్తిస్మం తర్వాత చదువుతో, సేవతో, సరైన సమాధానాలతో దేవుడి దగ్గర అర్హత కూడబెడుతూ వచ్చింది రమాబాయి. అలా కూడబెట్టనక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టుగానే తనను చేరదీస్తారు అని నమ్మకం కుదిరిన రోజున ఆవిడకు ఊపిరాడింది. అచ్చం ఆ బావి దగ్గరి ఆడమనిషిలాగే.

దాంతో కష్టాలు తగ్గాయంటారా? అబ్బే, అసలు గొడవ అప్పుడే మొదలైంది. ఆవిడ తన గదిలో ప్రార్థన చేసుకుంటుంటే తలుపు తీసే ఉండేది. పిల్లలు కొందరు వచ్చి పక్కన కూచునేవారు. కూచోమనీ అనలేదు, వద్దనీ అనలేదు. 1893లో పూనా భగ్గుమంది. తిలక్ గారి కేసరి పత్రిక విమర్శలు గుప్పించింది. సలహాసంఘంలో ఉన్న రానడే, భండార్కర్ వంటి పెద్దలే తప్పుకున్నారు. పాతికమంది పిల్లల్ని ఇళ్ళకు తీసుకుపోయారు. నన్నడిగితే, ఆ తల్లిదండ్రుల భయాన్ని కొట్టిపారెయ్యలేం. మతం జోలికి పోమన్న షరతుమీద పిల్లల్ని పంపారు కదా. మరి తన గదిలో తను ప్రార్థన చేసుకునేటప్పుడు గడియ వేసుకోవాలా? దానికీ నా దగ్గర జవాబు లేదు. ఆవిడ మాత్రం తలుపు మూయలేదు. ఇంగ్లండులో ప్రతిదానికీ ఉత్తరాలమీద ఉత్తరాలు రాసి వాదించిన మనిషి ఈసారి పెద్దగా వాదించలేదు కూడా. మిగిలిన పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ కూచుంది.

1896లో మధ్యరాష్ట్రాల్లో కరువొచ్చింది. ఎముకలగూళ్ళలాంటి ఆడపిల్లలు, వాళ్ళను కొనుక్కుపోవడానికి కాచుకున్న దళారులు. ఆ వార్తలు చదివి ఆవిడకు నిద్రపట్టి ఉండదు. సజ్జరొట్టె అడగలేక గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్ల ఇంకా ఆవిడలోనే ఉంది కదా. తనే రైలెక్కి వెళ్ళి దాదాపు మూడువందల మందిని తెచ్చింది. పూనాలో ప్లేగు. ఊళ్ళో ఉంచనివ్వరు. ఊరికి దూరంగా కేడ్గావ్ అనేచోట పళ్ళతోటకని కొన్న నేల ఉంది. అక్కడ గుడారాలు వేసి దింపింది. అదే ముక్తి సదనమైంది. 1900 కరువులో గుజరాత్ పిల్లలూ వచ్చి చేరాక అక్కడి సంఖ్య పదిహేను వందలు దాటింది.

పదిహేను వందల మందికి రెండుపూటలా అన్నం! పదిమంది చుట్టాలొస్తేనే మనకు కాళ్ళూ చేతులూ ఆడవు. పేలుపట్టిన తలలు, పుళ్ళు, విరేచనాలు, అన్నం దాచుకునే అలవాటు, ఒకళ్ళనొకళ్ళు కొరుక్కునేంత కోపం. వాళ్ళలోంచే సాలెపని, పాలపని, నూనెగానుగ, వడ్రంగం, అచ్చుపని తెలిసిన ఆడవాళ్ళు తయారయ్యారు. చూపులేనివాళ్ళకు బ్రెయిలీ నేర్పారు. దగాపడ్డ ఆడవాళ్ళకు విడిగా కృపా సదనం కట్టింది. ఫుల్‌హామ్‌లో చూసిన దాన్ని మరిచిపోలేదన్నమాట. శాంతి అంటే కళ్ళు మూసుకుని కూచోవడమని మనం అనుకుంటాం. ఈవిడ శాంతి నాకు ఎప్పుడూ పొయ్యి దగ్గర, మగ్గం దగ్గర, పేలదువ్వెన పట్టుకుని కనిపిస్తుంది.

ముసలితనంలో ఇంకో పని నెత్తికెత్తుకుంది. మరాఠీలో అప్పటికే బైబిలు ఉంది గాని, పల్లెటూరి ఆడవాళ్ళకు అందని భాష. సంస్కృతంలో 'సరస్వతి' అనిపించుకున్న పండితురాలు, హీబ్రూ, గ్రీకు నేర్చుకుని, ఆ సంస్కృతపు బరువంతా తీసేసి మామూలు మరాఠీలో మొత్తం బైబిలు తిరిగి రాయడానికి కూచుంది. చెవులు దాదాపు వినిపించడం మానేశాయి. ఆ పనికి పద్దెనిమిదేళ్ళు పట్టింది.

అది పూర్తి కాకముందే, 1921 జూలైలో మనోరమ పోయింది. నలభయ్యేళ్ళు. చంకలో పదినెలల పిల్లగా ఉన్నప్పట్నించీ తల్లితో ఖండాలు తిరిగి, తల్లి తర్వాత సంస్థ చూసుకోవలసిన కూతురు. తండ్రి, తల్లి, అక్క, అన్న, భర్త, ఇప్పుడు కూతురు. రమాబాయి మళ్ళీ బల్ల దగ్గరకు వెళ్ళింది. అప్పటి మనసు ఎలా ఉందో మనకెలా తెలుస్తుంది? రాత్రులు ఏడ్చే ఉంటుంది. నమ్మకం ఉన్నవాళ్ళు ఏడవరని ఎవరన్నారు? తిరుపతి అడవిలో తండ్రి ఎవరి చేతిలో పెట్టాడో ఆ చెయ్యి తనని వదల్లేదని మాత్రం ఆవిడకు గట్టి నమ్మకం. తండ్రి అన్న దేవుడూ, తను నమ్మిన దేవుడూ ఒకడేనా అని శాస్త్రులూ పాదిరీలూ వాదించుకోవచ్చు. ఆ అప్పగింతలను మాత్రం ఆవిడ చివరిదాకా మనసులోనే ఉంచుకుంది.

అనువాదం ముగించి, 1922 ఏప్రిల్ 5న ఆవిడ కన్నుమూసింది. 1989లో మన తపాలాశాఖ ఆవిడ బొమ్మతో బిళ్ళ వేసింది. కేడ్గావ్‌లో ముక్తి సదనం ఇప్పటికీ ఉంది. ఆ బైబిలును అక్కడి అచ్చుకూటంలోనే వేశారు. అక్షరాలు కూర్చిందీ, యంత్రం తిప్పిందీ, కాగితాలు మడిచిందీ అందరూ ఆ సదనంలో పెరిగిన ఆడవాళ్ళే. వాళ్ళలో కొందరు కరువునాడు అక్కడికి వచ్చినప్పుడు తమ పేరు కూడా రాయడం రానివాళ్ళు.